నాన్న "పంపించెయ్యండి" అంటున్నారు, నేనేమో ఆ చట్టం వద్దని తిరుగుతున్నాను

గుంటూరు జిల్లాలో పుట్టి, ఉత్తర ఇంగ్లండ్‌లో ఒక హాస్పిస్‌లో నర్సుగా పనిచేస్తున్న పాఠకురాలు రాసిన పొడవాటి ఉత్తరం ఇది. గుర్తుపట్టే వివరాలు తీసేసి సారం చెబుతాను.

ఆమె ఉద్యోగమంతా చివరి రోజుల్లో ఉన్నవాళ్ళ పక్కనే. ఆరు నెలల్లోపు చనిపోతారని డాక్టర్లు తేల్చిన పెద్దవాళ్ళు, డాక్టరు ఇచ్చిన మందు తామే తీసుకుని ప్రాణం విడవవచ్చని చెప్పే బిల్లు బ్రిటన్ పార్లమెంటుకు వచ్చినప్పటినుంచి, దాన్ని వ్యతిరేకించే బృందంలో తిరుగుతున్నారు. శనివారాలు కరపత్రాలు పంచుతారు, తోటి నర్సుల చేత ఎంపీలకు ఉత్తరాలు రాయిస్తారు. ఈలోగా ఊళ్ళో నాన్నగారికి, ఆయన రిటైరైన లెక్కల మాస్టారు, మోటార్ న్యూరాన్ జబ్బు అని తేలింది. చేతులు పనిచేయడం లేదు. మాట ముద్దగా వస్తోంది. రాత్రిళ్ళు మాస్కు పెట్టి, ఊపిరికి సాయం చేసే బైపాప్ మిషన్ మీద పడుకోబెడుతున్నారు. ముందు ముందు గొంతుకు రంధ్రం చేసి వెంటిలేటర్ పెట్టాల్సి రావచ్చని డాక్టరు అన్నారు. నాన్నగారు ససేమిరా వద్దంటున్నారు. అన్నయ్య పెట్టించి తీరాలంటున్నాడు.

మొన్న వీడియో కాల్‌లో నాన్నగారు కూడబలుక్కుని ఒక మాట అడిగారట: "మీ దేశంలో మందిచ్చి పంపించేస్తారంట గదమ్మా. నువ్వేమో వద్దని తిరుగుతున్నావంట. నాకెందుకమ్మా ఈ శిక్ష?" గొంతు గొట్టం విషయంలో మాత్రం ఈమె నాన్నగారి మాటే ఒప్పుకున్నారు. దానికి అన్నయ్య మండిపడ్డాడు: "అక్కడ మైకు పట్టుకుని ప్రాణం తీయకూడదంటావు. ఇక్కడ నాన్నకి ఊపిరి గొట్టం వద్దంటావు. ఊళ్ళో జనం పొలం కోసమే అనుకుంటారు." ఇదిలా ఉండగా ప్రచార బృందం వాళ్ళు, మీ నాన్నగారి సంగతి సభలో చెప్పండి, వీడియో తీస్తాం అంటున్నారు. క్యాన్సర్‌తో అత్తగారు నరకం పడి పోవడం చూసిన స్నేహితురాలు ఈమెతో మాట్లాడడమే మానేసింది. "నేను రెండు నాలుకల మనిషినా? నాన్నకి ఏం చెప్పాలి? ప్రచారం మానేయనా?" ఇవీ ఆమె ప్రశ్నలు.

అమ్మా,

ముందు నా వైపు సంగతి చెప్పేస్తాను, నా సలహాను దాన్నిబట్టి తూచుకుందురుగాని. ఆ చట్టం వద్దనేవాళ్ళలో నేనూ ఉన్నాను. అయినా మీ నాన్నగారి విషయంలో నా ఆలోచన ఆయన వైపు నుంచి మొదలవుతుంది, బిల్లు వైపు నుంచి కాదు. మీరూ అలాగే మొదలుపెట్టండి.

అన్నయ్య అన్న మాట మిమ్మల్ని బాగా కోసినట్టుంది, ఉత్తరంలో మూడుచోట్ల దాన్నే తిప్పి తిప్పి రాశారు. కానీ అది నిలబడే మాట కాదు. గొంతుకు రంధ్రం చేయించుకోనని మీ నాన్నగారు అంటే, ఆయన్ని తీసుకుపోయేది ఆ జబ్బు. మందిచ్చి పంపించడంలో ప్రాణం తీసేది ఆ మందు. మొదటిదాంట్లో డాక్టరు ఒక చికిత్స మొదలుపెట్టడం లేదు, ఆయాసానికీ నొప్పికీ చేయాల్సినదంతా చేస్తున్నారు. రెండోదాంట్లో ప్రాణం పోవాలన్నదే పని. మీ హాస్పిస్‌లో రోజూ మీరు పాటిస్తున్న తేడాయే ఇది. అక్కడ ఏ రోగి అయినా వెంటిలేటర్ వద్దన్నప్పుడు మీకు ఎన్నడూ తప్పు చేస్తున్నామనిపించి ఉండదు. నాన్న అయ్యేసరికి చేయి వణుకుతోంది, అంతే.

మన సుప్రీంకోర్టు కూడా ఇక్కడే గీత గీసింది. 2011లో అరుణా శాన్‌బాగ్ కేసులో మొదలై, 2018 మార్చి 9న కామన్ కాజ్ కేసులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది: బాగుచేయలేని చికిత్సను వద్దనే హక్కు, ముందే రాతపూర్వకంగా చెప్పి ఉంచే హక్కు మనిషికి ఉన్నాయి. మందిచ్చి చంపడం మాత్రం నేరంగానే మిగిలింది. అన్నయ్యకు ఈ సంగతి మీరు చెబితే చెల్లెలి పాండిత్యంలా వినిపిస్తుంది. నాన్నగారిని చూసే న్యూరాలజిస్టు నోటితో చెప్పించండి.

ఇంకొకటి. అన్నయ్య మీద కోపం తెచ్చుకోకండి. రోజూ ఆ మంచం పక్కన ఉన్నది ఆయన. ఊపిరి ఆగిన రాత్రి ఆసుపత్రికి తీసుకెళ్ళలేదేమని బంధువులు నిలదీసేది ఆయన్ని. ఇంగ్లండ్‌లో ఉన్న చెల్లెలు ఫోన్లో "వద్దు" అనడం తేలిక, ఊళ్ళో ఉన్న కొడుకు "వద్దు" అనడం కష్టం. ఆయనకు కావలసింది వాదనలో ఓటమి కాదు, నాన్నే ఈ నిర్ణయం తీసుకున్నారని పదిమందికీ చూపించగలిగే కాగితం. ఆ కాగితం రాయడం ఇప్పుడు తేలికే. 2018 తీర్పు ప్రకారం మేజిస్ట్రేటు దగ్గరకు వెళ్ళాల్సి వచ్చేది. 2023 జనవరిలో కోర్టు దాన్ని సడలించింది. ఇద్దరు సాక్షుల ముందు సంతకం, నోటరీ గాని గెజిటెడ్ అధికారి గాని ధ్రువీకరిస్తే చాలు. తన తరఫున మాట్లాడేవాళ్ళుగా ఒకరికంటే ఎక్కువమంది పేర్లు రాయవచ్చు. మీ పేరూ అన్నయ్య పేరూ రెండూ రాయించండి. సంతకం పెట్టడానికి చెయ్యి పనిచేయడం లేదు కాబట్టి వేలిముద్రతో ఎలా చేయాలో నోటరీని ముందే అడిగి, ఆయన తన మాటల్లో చెబుతుండగా ఫోన్లో వీడియో కూడా తీసి ఉంచండి. మాట పూర్తిగా పోకముందే జరగాలి ఇది.

ఎందుకు తొందరపెడుతున్నానో మీకు వేరే చెప్పనక్కర్లేదు. ఈ జబ్బులో గొంతు గొట్టం చాలాసార్లు ఎవరూ నిర్ణయించకుండానే పడిపోతుంది. ఒక రాత్రి కఫం అడ్డుపడుతుంది, 108కి ఫోన్ చేస్తారు, క్యాజువాలిటీలో ఉన్న కుర్ర డాక్టరు తన ధర్మం ప్రకారం గొట్టం వేస్తాడు, పదిహేను రోజులకు గొంతుకు రంధ్రం. ఆ తర్వాత వెనక్కి రావాలంటే రెండు వైద్య బోర్డులు కూర్చోవాలి. అప్పటికి మీ అమ్మగారు రాత్రింబవళ్ళు కఫం లాగే మిషన్ పక్కన కూర్చుని ఉంటారు. గొట్టంతో ఏళ్ళ తరబడి బతికినవాళ్ళు ఉన్నారు, బతకాలని కోరుకుని బతికారు. మీ నాన్నగారు మనసు మార్చుకుని కావాలంటే అదీ మంచిదే. అప్పుడు ఇంట్లో ఎవరు చూసుకుంటారు, కరెంటు పోతే ఏమిటి, నెలకెంత అవుతుంది అన్నీ ముందే కూర్చుని లెక్కవేసుకోవాలి. ఏదైనా ఆయన తెలిసి ఎంచుకున్నదై ఉండాలి.

ఇక ఆయన అడిగిన ప్రశ్న.

మీరు దానికి జవాబు చెప్పలేకపోయానని రాశారు. చెప్పనందుకు సంతోషించాను. ఆ క్షణంలో మీరు బిల్లు గురించి ఏం మాట్లాడినా అది సభలో మాటే అయ్యేది. "ఎందుకమ్మా ఈ శిక్ష" అన్న మనిషిని ముందు అడగాల్సింది, శిక్షలా అనిపిస్తున్నది ఏది నాన్నా అని. రాత్రిళ్ళు ఊపిరాడక చచ్చిపోతానన్న భయమా? అమ్మ చేత కడిగించుకోవాల్సి రావడమా? పిల్లలు డబ్బు పోగొట్టుకుంటున్నారనా? మాట పోతే ఇంక తను మాస్టారుగా మిగలనన్న బాధా? ఒక్కొక్కదానికి ఒక్కో మందు ఉంది. అన్నీ ఒకే మందుతో తీర్చేద్దామని చూసే చట్టాన్నే గదా మీరు వద్దంటున్నది.

అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రం 1997 నుంచి ఈ చట్టాన్ని నడుపుతోంది, ఏటా లెక్కలు ప్రచురిస్తుంది. అక్కడ మందు తీసుకున్నవాళ్ళు చెప్పిన కారణాల్లో నొప్పి ముందువరసలో ఉండదు. స్వతంత్రంగా బతకలేకపోవడం, ఇష్టమైన పనులు చేయలేకపోవడం ముందుంటాయి. ఇంట్లోవాళ్ళకు భారమైపోయానన్నది ఈమధ్య ఏళ్ళలో నూటికి నలభైమందికి పైగా చెబుతున్న కారణం. మన ఇళ్ళలో పెద్దవాళ్ళకు ఇది ఇంకా బలంగా ఉంటుందని నా నమ్మకం. "ఇంకెన్నాళ్ళు మీ మీద పడి ఉంటాను" అన్న మాట వినని ఇల్లుందా? ఆ మాట అన్నవాళ్ళు ఎక్కువసార్లు ఎదురుచూసేది "అట్లా అనకండి, ఉండండి" అన్న జవాబు కోసం. ప్రభుత్వమే ఒక ఫారం చేతికిస్తే ఆ జవాబు చెప్పాల్సిన అవసరం తగ్గిపోతుంది. నా భయం అదే.

2016లో చిత్తూరు జిల్లాలో ఒక జంట, కాలేయం జబ్బుతో ఉన్న ఎనిమిది నెలల పాపకు కారుణ్య మరణం ఇప్పించమని తంబళ్ళపల్లె కోర్టుకు వెళ్ళారు. చికిత్సకు డబ్బు లేక. ఆ వార్త బయటికొచ్చాక ప్రభుత్వం ఖర్చు భరించింది, తండ్రి తన కాలేయంలో ముక్క ఇచ్చాడు. వాళ్ళు అడిగింది చావు, వాళ్ళకు కావలసింది ఆపరేషన్. అలాగని ప్రతి విన్నపం వెనకా డబ్బే ఉంటుందని కూడా అనుకోకూడదు. 2004లో హైదరాబాదులో కె. వెంకటేశ్ అనే పాతికేళ్ళ చదరంగం క్రీడాకారుడు కండరాల క్షీణతతో మంచాన పడి, అవయవాలు పాడుకాకముందే దానం చేసి పోతానని తల్లి ద్వారా అడిగాడు. హైకోర్టు ఒప్పుకోలేదు. ఆ డిసెంబరులో చనిపోయాడు. అతనికి ఎవరి ఒత్తిడీ లేదు, భయమూ లేదు. చట్టం వద్దనే మనం ఇలాంటి మనిషి కళ్ళలోకి చూసి కూడా వద్దనగలగాలి, అది బరువైన పని అని ఒప్పుకుంటూనే. నేను ఒప్పుకుంటాను.

మీ నాన్నగారి దగ్గరకు వద్దాం. ఊపిరాడక పోతానన్న భయమైతే, మీకు తెలిసినదే ఆయనకు తెలియజేయండి. చిన్న మోతాదు మార్ఫిన్ ఆయాసాన్ని తగ్గిస్తుంది. చివర్లో నిద్ర మందు కలిపి కంగారు లేకుండా చూడవచ్చు. సరైన ఉపశమన వైద్యం అందితే ఈ జబ్బులో గిలగిల్లాడి పోయేవాళ్ళు అరుదు. కానీ "అందితే" అన్నచోటే మన దగ్గర పెద్ద చిక్కు. 2014లో మాదకద్రవ్యాల చట్టం సవరించి మార్ఫిన్ దొరకడం తేలిక చేశారు గాని, మన జిల్లాల్లో చాలా ఆసుపత్రులు నేటికీ దాన్ని నిల్వ పెట్టవు. గుంటూరు, విజయవాడల్లో పాలియేటివ్ కేర్, అంటే ఈ ఉపశమన వైద్యం, చేసే డాక్టరు ఎవరో, ఇంటికి వచ్చి చూస్తారో లేదో ఇప్పుడే వాకబు చేయండి. తెలియకపోతే డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్ తిరువనంతపురంలో స్థాపించిన పాలియం ఇండియా సంస్థను అడగండి, దేశంలో ఏ మూల ఎవరున్నారో వాళ్ళు చెబుతారు. ఆయన దిగులు రోజంతా వదలకుండా ఉంటే, తిండి మీద కూడా మనసు పోకపోతే, దాన్ని జబ్బులో భాగమేలే అని వదిలేయకండి. దిగులుకు మందులున్నాయి. 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్‌లో తెలుగులో మాట్లాడతారు, అమ్మగారికి కూడా ఉపయోగపడుతుంది. కళ్ళతో చూపించి మాటలు కూర్చే అక్షరాల పటం ఒకటి తెలుగులో తయారు చేయించండి. మాట పోయేలోపు దాంతో అలవాటు పడాలి.

ఆయన ఇవన్నీ విని కూడా "నాకు ఆ మందే కావాలి" అనవచ్చు. అప్పుడు సూటిగా చెప్పండి: అది నేను చేయలేను నాన్నా, అన్నయ్య చేత చేయించలేను, మిగతాదంతా చేస్తాను. ఆ "మిగతాదంతా" అన్నమాట నిలబెట్టుకోవడానికి మీరు కొన్ని వారాలైనా ఊరు రావాల్సి ఉంటుంది. సెలవు అడగండి. జీతం పోయినా సరే అనుకునే స్థితిలో ఉంటే బాగా ముందే రండి, ఆయన ఇంకా మాట్లాడగలిగినప్పుడే.

ఇప్పుడు ప్రచారం సంగతి. మానేయాలా అని అడిగారు. కొన్నాళ్ళు ఆపి నాన్నగారి దగ్గరకు రావడంలో సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఈ వాదన ఎక్కడికీ పోదు. బ్రిటన్ ఎగువసభ లార్డ్స్‌లో ఇలాంటి బిల్లు 1936లోనే వచ్చింది, ఓడింది. 2015లో దిగువసభ కామన్స్‌లో 330–118తో ఓడింది. 2024 నవంబరు 29న ఎంపీ కిమ్ లెడ్‌బీటర్ తెచ్చిన బిల్లు అదే సభలో 330–275తో గట్టెక్కింది. తొమ్మిదేళ్ళ కింద కాదన్నవాళ్ళు ఎందరో, ఇప్పుడు అవునన్నవాళ్ళు సరిగ్గా అందరు. 2025 జూన్ 20న తుది ఓటింగుకు వచ్చేసరికి ఆధిక్యం 23కి పడిపోయింది, 314–291. ఆ తేడాను అంత కుదించింది మతం గురించి ప్రసంగాలు కాదనుకుంటాను. దాన్ని కుదించింది వివరాలు. హైకోర్టు జడ్జి పరిశీలన తీసేసి ముగ్గురు సభ్యుల ప్యానెల్ పెట్టారు. అక్కడి సైకియాట్రిస్టుల వృత్తిసంస్థ రాయల్ కాలేజీయే ఈ రూపంలో బిల్లును సమర్థించలేమంది. తర్వాత లార్డ్స్‌లో వెయ్యికి మించి సవరణలు వచ్చిపడ్డాయి. జేన్ క్యాంప్‌బెల్, టానీ గ్రే థాంప్సన్ లాంటి వికలాంగులైన సభ్యులు, ఉపశమన వైద్యంలో ప్రొఫెసరైన ఐలోరా ఫిన్లే చెప్పే మాటలకు అక్కడ బరువెక్కువ, వాళ్ళు చూసినదే చెబుతారు గనుక.

మీ దగ్గరా అలాంటిది ఒకటుంది. మీరు ఉత్తరం చివర్లో, అదేదో చిన్న విషయమన్నట్టు రాసి వదిలేశారు: ఇంగ్లీషు రాని పెద్దవాళ్ళకు వార్డులో కొడుకో కోడలో దుబాసీగా నిలబడతారని, పెద్దావిడ రెండు నిమిషాలు గుజరాతీలోనో పంజాబీలోనో చెప్పినదాన్ని వాళ్ళు ఒక్క ముక్కలో "ఆవిడకు అలసటగా ఉందట" అని తేల్చేస్తారని. నాకు ఆ ఉత్తరం మొత్తంలో అదే ముఖ్యమైన వాక్యం అనిపించింది. అవసరమైతే దుబాసీని పెట్టాలని బిల్లులో ఉంది. కానీ "మీమీద ఎవరైనా ఒత్తిడి పెడుతున్నారా" అని డాక్టరు ఒక్కసారి అడిగేది, ఏళ్ళ తరబడి ఇంట్లో జరిగినదాని గురించి. ఆ ఇంటి మర్యాద తెలియని దుబాసీ ముందు, మన అత్తయ్యల్లో ఎవరైనా కొడుకు మీద ఒక్క మాట చెబుతారా? ఈ సంగతి ఆ పార్లమెంటులో ఎంతమందికి తెలుసు? మీకు తెలుసు. దీన్ని రాయండి. లార్డ్స్ సభ్యులకు నియోజకవర్గాలు లేవు, ఎవరికైనా రాయవచ్చు. ఎంపీకి రాసేటప్పుడు ఇండియన్ పాస్‌పోర్టు అని వెనకాడకండి. కామన్వెల్త్ పౌరురాలిగా అక్కడ నివసిస్తున్న మీకు పార్లమెంటు ఎన్నికల్లో ఓటుంది.

నర్సుల రిజిస్ట్రేషన్ చూసే కౌన్సిల్ నియమావళిలో, సొంత నమ్మకాలను తగని రీతిలో ఎదుటివాళ్ళ ముందు బయటపెట్టకూడదని ఉంది. కాబట్టి వార్డులో, యూనిఫాంలో ఈ మాట ఎత్తకండి, రోగి అడిగితే వినండి తప్ప ప్రచారం చేయకండి. సభలో వ్యక్తిగా మాట్లాడవచ్చు. హాస్పిస్ పేరు చెప్పాలంటే మేనేజరును ముందే అడగండి.

నాన్నగారి సంగతి సభలో చెప్పడం మాత్రం, నన్నడిగితే, ఇప్పుడు వద్దు. చెబితే సభ కదిలిపోతుంది, ఆ మాట నిజమే. మీ బృందానికి మంచి వీడియో దొరుకుతుంది. అది సాయంత్రానికల్లా వాట్సాప్‌లో ఊరు చేరుతుంది. అన్నయ్య భయపడిన పొలం మాట అప్పుడు నిజంగా పుడుతుంది. అంతకంటే పెద్దది, చావు కోరుకున్న తండ్రిని ఆ కోరిక వద్దనే ప్రచారానికి వాడినట్టవుతుంది. ఆయన పూర్తిగా విని, చెప్పమ్మా అంటే అది వేరు. అప్పుడు కూడా ఆయన అడిగిన ప్రశ్నతో సహా చెప్పాలి, మనకు పనికొచ్చే సగం మాత్రమే చెప్పకూడదు.

సభలో ఏం మాట్లాడినా, అన్ని నొప్పులూ తగ్గించగలం అని మాత్రం అనకండి. మీ స్నేహితురాలు మీకు దూరమైంది అలాంటి మాట విని అయ్యుండవచ్చు. కొద్దిమందికి ఎంత చేసినా బాధ మిగులుతుంది, ఆ కొద్దిమందికి నిద్రలో ఉంచే చికిత్స తప్ప దారి ఉండదు. ఆ అత్తగారు ఎలా పోయారో ఆమె నోటితో ఒక్కసారి పూర్తిగా వినండి, మధ్యలో మాట్లాడకుండా. హాస్పిస్ మంచం దొరికిందా, రాత్రి పూట నర్సు వచ్చిందా అని నాకైతే అనుమానం. ఇంగ్లండ్ హాస్పిస్‌లు ఖర్చులో మూడింట రెండొంతుల దాకా విరాళాల మీదే నెట్టుకొస్తున్నాయని మీకు నాకంటే బాగా తెలుసు. కానీ ఆ వాదన ఆరోజు ఆమె ముందు తీయవద్దు. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ తెరిచి హాస్పిస్ ఉద్యమాన్ని మొదలుపెట్టిన సిసిలీ సాండర్స్ కూడా మీలాగే నర్సుగా మొదలైంది, మీలాగే మందిచ్చి చంపే చట్టం వద్దంది. ఆవిడ తన జీవితంలో ఎక్కువ భాగం పెట్టింది మాత్రం నొప్పి తగ్గించడం మీద. మీ బృందం శనివారాల్లో ఒకటి అక్కడి హాస్పిస్‌కు విరాళాలు పోగుచేయడానికి కేటాయిస్తే, ఎదుటి పక్షంవాళ్ళు కూడా వచ్చి కలవవచ్చు. వాళ్ళకూ మనకూ ఆ మేరకు గొడవ లేదు.

ఈ వారం చేయాల్సింది మాత్రం ఇంతే: ఆదివారం ఫోన్ చేసి, అన్నయ్యను పక్కన ఉండమని, నాన్నగారిని అడగండి. గొంతు గొట్టం గురించి, ఆసుపత్రికి వెళ్ళాలా ఇంట్లోనే ఉండాలా అన్నదాని గురించి. ఆయన ఎంత నెమ్మదిగా చెప్పినా పూర్తయ్యేదాకా ఆగండి. అమ్మగారిని కూడా పిలవండి, ఇంతవరకు ఆవిడ ఏమంటున్నారో మీ ఉత్తరంలో ఒక్క ముక్కా లేదు.